కాలిని కొలవని తగ్గింపు

బంగారం కొనేటప్పుడు తూకం చూస్తాము. చొక్కా కుట్టించుకునేటప్పుడు మెడ, ఛాతీ, చేతుల కొలతలు ఇస్తాము. కళ్ళద్దాలు తీసుకునే ముందు కంటిపరీక్ష చేయించుకుంటాము. దేహభారమంతా మోసే పాదాలకు బూట్లు కొనేటప్పుడు మాత్రం మనం అడిగేది ఒకే ప్రశ్న: "ఎంత శాతం తగ్గించారు?"

ఆషాఢం వస్తే తగ్గింపు. దసరా, దీపావళి, సంక్రాంతి వస్తే తగ్గింపు. రాజమహేంద్రవరం మెయిన్ రోడ్డులోనూ, కొవ్వూరు బజారులోనూ ఆ అక్షరాలు అద్దాల మీద వేలాడుతూనే ఉంటాయి. చేతిలోని ఫోను అర్ధరాత్రి కూడా అదే మాట చెబుతుంది. పట్టిసీమ, పోలవరం, తాళ్ళపూడి వైపు గ్రామాల వారికి మంచి వాకింగ్ షూస్ కావాలంటే పట్నానికి పోవడమో, ఫోనులో తెప్పించుకోవడమో తప్పదు. ఎటు పోయినా శాతం లెక్క ముందు నిలుస్తుంది. కాలి కొలత ఎవరూ అడగరు, మనమూ చెప్పము.

తగ్గింపు ధరకు కొనడం తప్పని నేను అనడం లేదు. పింఛను మీద బ్రతికేవాడిని, రూపాయి విలువ నాకూ తెలుసు. నా అభ్యంతరం ఒక్కటే. కాలికి సరిపోని బూటు మీద ఇచ్చే తగ్గింపు ఎంత పెద్దదైనా అది నష్టమే. మధుమేహం ఉన్నవారికి ఆ నష్టం ఒక వేలితోనో, ఒక కాలితోనో తీరవలసి రావచ్చు. అందుచేత ఈ విషయాన్ని బజారు సంగతిగా వదిలివేయకుండా ఆరోగ్య విషయంగా చూడమని మిమ్మల్ని కోరుతున్నాను.

నడక ఔషధమైతే, బూటు దాని పాత్ర

వారానికి 150 నుంచి 300 నిమిషాలు మధ్యస్థమైన వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో వెలువరించిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. మన వయస్సు వారికి అందులో తేలికైనది నడక. వైద్యులందరూ నడవమనే చెబుతారు. మాత్ర రాసేటప్పుడు ఉదయమా రాత్రా, భోజనానికి ముందా తరువాతా అని వివరంగా రాస్తారు. నడక విషయంలో "రోజూ అరగంట నడవండి" అన్న మాటతో సరిపెడతారు. ఏమి తొడుక్కుని నడవాలో చీటీ మీద ఉండదు.

లెక్క వేయండి. నిమిషానికి వంద అడుగుల చొప్పున అరగంటకు 3000 అడుగులు పడతాయి. ఒక్కొక్క కాలు 1500 సార్లు నేలను తాకుతుంది. నెలకు 45,000 సార్లు. పడిన ప్రతిసారీ మీ బరువంతా, నిజానికి అంతకంటె కొంచెం ఎక్కువే, ఆ ఒక్క పాదం మీద మోపబడుతుంది. బూటులో చిటికెనవేలిని నొక్కే చోటు ఒకటి ఉన్నదనుకోండి. ఆ నొక్కు నెలకు 45,000 సార్లు పడుతుంది. రాయి కూడా అరిగిపోయే లెక్క ఇది, చర్మం ఏపాటిది?

ఆరోగ్యవంతుని పాదం ఈ ఒరిపిడిని ఓర్చుకుని చర్మాన్ని మందం చేసుకుంటుంది. అవే ఆనెకాయలు. లేదా బొబ్బ కట్టి, నొప్పి పుట్టించి, యజమానిని కుంటిస్తుంది. అతడు ఆ బూట్లను అటక మీద పడవేస్తాడు. వాటితోపాటు నడకను కూడా అటకెక్కిస్తాడు. చవకగా వచ్చిన బూట్లు మొదట చేసే అపకారం ఇదే. "నాకు నడక పడదండీ, కాళ్ళు నొప్పులు" అనే పెద్దల పాదాల కంటె ముందు వారి బూట్లను పరీక్షించవలసిన సందర్భాలు ఎన్నో ఉంటాయి.

నొప్పి తెలియని పాదం

"కొత్త చెప్పులు కరుస్తాయి, నాలుగు రోజులు తొడిగితే అవే అలవాటవుతాయి." ఈ మాటను మీరందరూ విన్నారు, అని కూడా ఉంటారు. నొప్పి తెలిసే కాలికి ఇది ఓర్పును గురించిన సలహా. నొప్పి తెలియని కాలికి ఇది ప్రమాదం.

భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగిన దేశవ్యాప్త అధ్యయనం ఫలితాలు 2023లో వెలువడ్డాయి. దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉన్నదని ఆ అధ్యయనం అంచనా వేసింది. రక్తంలో చక్కెర ఏళ్ళ తరబడి హెచ్చుగా ఉంటే చేతులకు, కాళ్ళకు పోయే నాడీతంతువులు దెబ్బతింటాయి. శరీరంలో అన్నింటికంటె పొడవైనవి పాదాలకు చేరే నాడులు గనుక ముందుగా దెబ్బతినేవి అవే. మొదట తిమ్మిరి, మంట. తరువాత దూదిపై నడుస్తున్నట్లు అనిపించడం. కొన్నాళ్ళకు స్పర్శజ్ఞానం లోపిస్తుంది. మంట తగ్గింది కనుక జబ్బు నయమైందని సంతోషించే వారుంటారు. నిజానికి మంటను తెలిపే నాడి కూడా మూగబోయి ఉండవచ్చు.

ఇటువంటి పాదం బూటు దుకాణంలో యజమానిని మోసగిస్తుంది. స్పర్శ తగ్గినవారికి సరైన కొలత గల బూటు వదులుగా ఉన్నట్లు తోస్తుంది. గట్టిగా పట్టి ఉన్నదే కాలికి అంటుకున్నట్లు తెలుస్తుంది. అందుచేత తమంతట తాముగా బిగుతైన జతను ఎంచుకుంటారు. "సుఖంగా ఉందా?" అని అడిగితే "భేషుగ్గా ఉంది" అంటారు. వారు అబద్ధమాడడం లేదు. వారి కాలు వారికి నిజం చెప్పడం లేదు.

ఉద్యోగకాలంలో పదేపదే చూసిన వరుస ఇది. కొత్త బూట్లు వేసుకుని పెళ్ళికో, తీర్థానికో వెళ్ళి వస్తారు. సాయంత్రం మేజోడు విప్పితే దాని మీద నెత్తురు మరక కనబడుతుంది. నొప్పి లేదు కనుక ఏదో పసరో, పసుపో అద్దుతారు. వారం తరువాత వాపు, దుర్వాసన. ఆసుపత్రికి వచ్చేసరికి పుండు ఎముకను తాకి ఉంటుంది. ఆ పైన జరిగే సంగతి నేను వర్ణించనక్కర లేదు. మధుమేహం వలన కాలు తొలగింపుల్లో అత్యధిక భాగానికి నాంది ఒక చిన్న పుండే. ఆ పుండుకు కారణాలలో సరిపోని పాదరక్ష ప్రధానమైనది.

ఈ సత్యాన్ని ప్రపంచానికి బోధపరచిన కృషి మన పొరుగునే జరిగింది. తమిళనాడులోని కొల్లి కొండల్లో 1914లో పుట్టిన ఆంగ్లేయ శస్త్రవైద్యుడు పాల్ బ్రాండ్ 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చి కుష్ఠురోగుల మధ్య పనిచేశాడు. రోగం వలన వేళ్ళు తమంతట తామే కుళ్ళి రాలుతాయని అప్పటివరకు నమ్మేవారు. స్పర్శ లేనందువలన కాలే కాలుడు, తగిలే దెబ్బ, రోజూ ఒకేచోట పడే ఒత్తిడి తెలియక అవయవం నాశనమవుతున్నదని ఆయన తేల్చాడు. తరువాత అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో పనిచేస్తూ ఇదే జ్ఞానాన్ని మధుమేహుల పాదాలకు అన్వయించాడు. నొప్పి అనేది శరీరానికి దక్కిన వరమని ఆయన జీవితాంతం చెప్పాడు. ఆ వరం కోల్పోయినవారికి కొలత ఒక్కటే రక్ష.

తగ్గింపు శాతం దేని నుంచి?

ఇక బజారు సంగతి. పెట్టె మీద గరిష్ఠ చిల్లర ధర ముద్రించి ఉంటుంది. దానికి మించి అమ్మరాదని చట్టం. ఆ ధరను ఎంత ఎత్తున ముద్రించాలో నిర్ణయించేది మాత్రం తయారీదారే. 4000 రూపాయలని ముద్రించి 60 శాతం తగ్గించి 1600కు అమ్మిన జతకూ, 1700 అని ముద్రించి వంద తగ్గించి 1600కే అమ్మిన జతకూ మీ సంచిలో నుంచి పోయేది ఒకటే. మొదటిది కొన్నవాడు 2400 మిగిలిందని మురిసిపోతాడు, రెండవవాడు వందే మిగిలిందని చిన్నబోతాడు. మిగిలిందన్న ఆ 2400 ఎప్పుడైనా ఎవరి జేబులోనైనా ఉన్నదా? శాతం అనేది వారు నిలబెట్టిన కొండ మీద నుంచి కొలిచిన దూరం. మీరు చూడవలసినది కట్టవలసిన సొమ్మును మాత్రమే.

రెండవది, తగ్గింపులో మిగిలే కొలతలు. ఎక్కువమందికి సరిపోయే సైజులు ముందే అమ్ముడుపోతాయి. చివరకు మిగిలేవి మరీ చిన్నవి, మరీ పెద్దవి. అప్పుడు వినబడేది మనకు తెలిసిన మాటే: "ఎనిమిది లేదండీ, ఏడు తీసుకోండి, నాలుగు రోజుల్లో సాగుతుంది." తోలు కొద్దిగా సాగవచ్చునేమో గాని, నేటి వాకింగ్ షూలోని కృత్రిమ పదార్థం పొడవున సాగదు. సాగవలసినది మీ బొటనవేలే.

మూడవది, నిలవ సరకు. బూటు అడుగుభాగం పాలియురేథేన్‌తో చేసినదైతే, అది గాలిలోని తేమకు లోలోపల విచ్ఛిన్నమవుతుంది. తొడగకుండా పెట్టెలోనే ఉంచినా ఏళ్ళు గడిస్తే పొడిపొడిగా రాలిపోతుంది. గోదావరి తీరపు ఉక్కలో, తేమలో ఇది మరింత త్వరపడుతుంది. అటక మీద దాచిన బూటు పెళ్ళి నాడు అడుగు ఊడి రావడం మీలో కొందరికి అనుభవమే కావచ్చు. పెట్టె మీద తయారైన నెల, సంవత్సరం ఉంటాయి. ధర చూసిన కంటితోనే దానినీ చూడండి. రెండు మూడేళ్ళనాటి సరకైతే ఏ శాతానికీ లొంగవద్దు.

నాలుగవది, "అమ్మిన సరకు వాపసు తీసుకోబడదు" అనే పలక. తగ్గింపు సరకు మీద ఇది మరీ తరచు. సరిపోకపోతే మార్చుకునే హక్కును వదులుకుని పొందే తగ్గింపు, తగ్గింపు కాదు. ఆ హక్కు వెలను మీరు ముందుగా చెల్లించారు, అంతే.

నిజంగా ధర తగ్గిన సందర్భాన్ని కూడా చెబుతాను. 2025 సెప్టెంబరు 22 నుంచి జత 2500 రూపాయలకు మించని పాదరక్షలపై వస్తుసేవల పన్ను 5 శాతానికి తగ్గింది. అంతకుముందు వెయ్యి రూపాయలు దాటిన జతపై 18 శాతం ఉండేది. అంటే సామాన్యుని నడకకు అవసరమైన బూటు పండుగతో నిమిత్తం లేకుండా ఏడాది పొడుగునా కొంత చవక కావలసినదే. పండుగ కోసం ఆగి, గుంపులో తోసుకుని, కూర్చుని తొడిగి చూసే తీరిక కూడా లేకుండా కొనవలసిన అగత్యం మనకు లేదు.

అంకె అబద్ధమాడుతుంది

"నా సైజు ఎనిమిది" అని మనం జాతకంలోని నక్షత్రంలా చెబుతాము. ఆ అంకె ఇంగ్లండు నుంచి వచ్చినది. అక్కడ ఒక సైజుకూ మరొక సైజుకూ నడుమ తేడా ఒక బార్లీ గింజ పొడవు, అనగా అంగుళంలో మూడవ వంతు. ఆ అంకె పొడవును మాత్రమే చెబుతుంది. వెడల్పును గాని, మడమ నుంచి వేళ్ళ మొదళ్ళ వరకు గల దూరాన్ని గాని చెప్పదు. ఒక కంపెనీ ఎనిమిదికీ మరొక కంపెనీ ఎనిమిదికీ పొత్తు ఉండదు.

చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి వరకు దేశంలో 79 చోట్ల లక్షమందికి పైగా పాదాలను కొలిచింది. పాశ్చాత్యుల కంటె మన పాదాలు సాధారణంగా వెడల్పైనవని తేలింది. ఆ కొలతల ఆధారంగా "భా" అనే పేరుతో భారతీయ సైజుల పద్ధతిని ప్రతిపాదించారు. దీనిని బట్టి మనం గ్రహించవలసినది, వెడల్పు చాలని బూటులో మన పాదం ఇరుక్కోవడం మన పాదం లోపం కాదని. వెడల్పు చాలక ఒక సైజు పెద్దది కొనేవారున్నారు. అప్పుడు మడమ జారుతుంది, బొబ్బ అక్కడ లేస్తుంది.

పాదాన్ని కొలిచే లోహపు పలకను అమెరికాలో ఛార్లెస్ బ్రాన్నాక్ 1920ల్లోనే తయారుచేశాడు. పొడవు, వెడల్పు రెండూ నిమిషంలో తెలుస్తాయి. ఏసీ గదులు, అద్దాలు, దీపాలు ఏర్పాటు చేసుకున్న దుకాణాలలో ఎన్నింటిలో ఆ పలక ఉన్నది? మన ఊళ్ళలో వెనుకటికి చెప్పులు కుట్టే వృత్తికారుడు కాలిని నేల మీదో, తోలు మీదో మోపించి చుట్టూ గీత గీసుకునేవాడు. ఎడమకాలి ఆనె ఎక్కడుందో, కుడికాలు ఎంత పెద్దదో అతనికి తెలుసు. ఆ విద్యను, ఆ మనిషిని సమాజం దూరంగా నిలబెట్టింది. ఇప్పుడు కాలిని ముట్టుకోని దుకాణానికి నాలుగింతలు చెల్లిస్తున్నాము.

కొన్ని ఆక్షేపణలకు సమాధానం

"అయితే ఖరీదైన విదేశీ బ్రాండే కొనమంటారా?" అనను. అమెరికా సైన్యం, వాయుసేన, మెరైన్ దళాలలో కొత్తగా చేరినవారికి పాదపు వంపును బట్టి ప్రత్యేకమైన షూలు ఇచ్చి పరీక్షించారు. అందరికీ ఒకే రకం ఇచ్చినవారితో పోలిస్తే గాయాలు తగ్గలేదు. పెట్టె మీద రాసే గొప్ప సాంకేతిక పదాలకు అంతకంటె ఎక్కువ విలువ ఇవ్వనక్కర లేదు. వెయ్యి, పదిహేను వందల జత మీ కాలికి సరిపోతే అదే ఉత్తమం. పదిహేను వందల బూటును ఏడాదిలో మూడు వందల రోజులు తొడిగితే రోజుకు ఐదు రూపాయలు పడుతుంది. ఏడు వందలకు దొరికి ఏడు రోజులకు అటకెక్కినది రోజుకు వంద రూపాయల బూటు.

"మన తాతలు ఉత్తకాళ్ళతో నడవలేదా?" నడిచారు. ముళ్ళు, ధనుర్వాతం, అరికాలి గుండా దూరే కొంకిపురుగులు వారిని ఎంత బాధించాయో ఆ రోజుల ఆసుపత్రులకు తెలుసు. పైగా పొలంలో ఆరితేరిన ఆ పాదాలకు నొప్పి తెలిసేది. ఇరవై ఏళ్ళ మధుమేహంతో స్పర్శ మందగించిన పాదాన్ని వాటితో పోల్చరాదు.

"మెత్తగా ఉంటే చాలదా?" దుకాణంలో నొక్కి చూసి దిండులా ఉన్నదని కొంటారు. మరీ మెత్తని, మందమైన సోలు మీద వృద్ధులకు నిలకడ తగ్గుతుంది. డెబ్బై దాటినవారు తూలిపడితే తుంటి ఎముకకు ముప్పు. మెత్తదనం కొంత, గట్టిదనం కొంత ఉండాలి.

"అక్యుప్రెషర్ చెప్పులు మంచివి కావా?" తీర్థాలలో, ప్రదర్శనలలో బొడిపెల చెప్పులు మధుమేహానికి మందని అమ్ముతారు. స్పర్శ లేని అరికాలి కింద బొడిపెలు పెట్టి దేహభారమంతా మోపడం పుండును పిలవడమే. పాల్ బ్రాండ్ వంటివారు ఒత్తిడిని ఒకచోట పడకుండా అరికాలంతా పరచడానికి శ్రమించారు. ఈ చెప్పు సరిగ్గా దానికి వ్యతిరేకం. ఉచితంగా ఇచ్చినా తొడగవద్దు.

మన ప్రాంతపు మరొక బాధ

గోదావరి జిల్లాలు బోదకాలుకు పేరుమోసినవి. 1955లో ఫైలేరియా నియంత్రణ జాతీయ కార్యక్రమం మొదలైనా, సామూహికంగా మందులు మింగించినా, పాత వాపులతో జీవిస్తున్న పెద్దలు నేటికీ ఉన్నారు. వారికి కుడి, ఎడమ కాళ్ళు ఒకే సైజు కావు. ఒకే అంకెతో కట్టిన జత వారికి ఎన్నటికీ సరిపోదు. బిగుతు చెప్పు గీరిన చోట, వేళ్ళ సందుల్లో పగుళ్ళ ద్వారా సూక్ష్మజీవులు చొరబడి మళ్ళీ మళ్ళీ జ్వరం, వాపు తెస్తాయి. వీరు ముందు, వెనుక పట్టీలు వదులు చేసుకోగల వెడల్పైన శాండిల్స్ తీసుకోవాలి. అవసరమైతే వాపు కాలికి విడిగా కుట్టించుకోవాలి. ఇందులో నామోషీ లేదు.

కొనేటప్పుడు చేయవలసినవి

ముందుగా స్పర్శను పరీక్షించుకోండి. 2011లో ఇంగ్లండులోని ఇప్స్‌విచ్ వైద్యులు ప్రకటించిన తేలిక పద్ధతి ఇది. మీరు కళ్ళు మూసుకోండి. ఇంట్లోవారు చూపుడు వేలి కొసతో రెండు పాదాల బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలు కొసలను, మొత్తం ఆరుచోట్ల, ఒకటి రెండు సెకన్లు తేలికగా తాకాలి. నొక్కరాదు, గిల్లరాదు. తాకినప్పుడల్లా మీరు చెప్పాలి. రెండు లేక అంతకు మించిన చోట్ల తెలియకపోతే బూట్ల దుకాణానికి ముందు వైద్యుని వద్దకు వెళ్ళండి.

సాయంత్రం కొనండి, పగలంతా తిరిగిన పాదం కొంత ఉబ్బి ఉంటుంది. నడిచేటప్పుడు తొడిగే మేజోళ్ళతోనే వెళ్ళండి. రెండు కాళ్ళకూ తొడిగి, పెద్ద కాలికి సరిపోయే జతను తీసుకోండి.

ఇంటి వద్దనే కాగితం మీద నిలబడి రెండు పాదాల చుట్టూ పెన్సిలు నిలువుగా పట్టి గీయించుకోండి. కూర్చుని గీయిస్తే లాభం లేదు, బరువు పడితేనే పాదం పరచుకుంటుంది. ఆ ఆకారాన్ని కత్తిరించి దుకాణానికి తీసుకుపోండి. బూటు లోపలి అట్టను బయటకు తీసి దానిపై ఈ కాగితాన్ని పరచండి. కాగితం అంచు అట్టను దాటితే ఆ జత మీది కాదు. దుకాణదారు ఏమనుకుంటాడోనని సంకోచించవద్దు.

నిలబడినప్పుడు పొడవైన వేలికీ బూటు కొసకూ నడుమ సెంటీమీటరు ఖాళీ ఉండాలి, రెండు సెంటీమీటర్లకు మించరాదు. పొడవైన వేలు అందరికీ బొటనవేలే కానక్కర లేదు. ముందుభాగంలో వేళ్ళు కదలాలి. మడమ వద్ద జారరాదు, వెనుక గోడ నొక్కితే అణగరాదు. బూటును వంచితే వేళ్ళ మొదళ్ళ వద్ద వంగాలి. మధ్యలో మడతపడినా, బట్ట పిండినట్లు మెలి తిరిగినా పక్కన పెట్టండి. అడుగున గాళ్ళు లోతుగా ఉండాలి. ఏటిగట్టు మీద తెల్లవారుజామున మంచు తడికి జారేది నున్నని సోలే. లేసో, వెల్క్రో పట్టీయో ఉండాలి. జొనిపి తొడిగే బూట్లు పడకుండా నిలవాలంటే బిగుతుగా ఉండక తప్పదు.

తొడిగే ముందు లోపల చేయి పెట్టి కుట్లు, ముడులు తడమండి. స్పర్శ తగ్గినవారు ఈ పనిని రోజూ చేయాలి, బూటులో దూరిన గులకరాయి వారి కాలికి తెలియదు. కొత్త జతను మొదటి రోజు ఇంట్లోనే పది పదిహేను నిమిషాలు తొడిగి, విప్పి చూడండి. ఎర్రగా కమిలిన చోటు ఉంటే మార్చివేయండి. ఫోనులో తెప్పించినప్పుడు సెంటీమీటర్లలో పాదం పొడవు ఇచ్చిన పట్టికను చూసి, వాపసు తీసుకుంటారని రాసి ఉంటేనే కొనండి. పెట్టె, చీటీలు పారేయకండి. ఇవన్నీ కుదిరిన తరువాత తగ్గింపు ఉందా అని అడగండి, బేరమాడండి. అది మీ హక్కు.

నడిస్తే పిక్క పట్టేసి, ఆగితే తగ్గే నొప్పి ఉన్నవారికి రక్తప్రసారంలో లోపం ఉండవచ్చు. దానిని ఏ బూటూ బాగుచేయదు. వైద్యుని చూడండి.

ఎవరెవరు ఏమి చేయాలి?

అమెరికాలోనో, గల్ఫ్ దేశాలలోనో ఉన్న బిడ్డలకు ఒక మాట. పండుగ అమ్మకాలలో సగం ధరకు వచ్చాయని నాన్నకు షూలు పంపుతారు. మీ ప్రేమను కాదనను. "మా అబ్బాయి పంపాడు" అన్న మురిపెంతో ఆ పెద్దమనిషి వేళ్ళు ముడుచుకుని అయినా వాటిని తొడుగుతాడు, కరుస్తున్నాయని మీకు చెప్పడు. ముందు పాదాల గీతను ఫోనులో తెప్పించుకోండి. లేదా సొమ్ము పంపి, తోడుగా ఎవరినైనా ఇచ్చి దుకాణానికి పంపండి.

దుకాణదారులకు: ఒక కొలత పలక పెట్టండి, కూర్చోవడానికి కుర్చీ వేయండి, సరిపోని జతను వారం లోపల మార్చి ఇవ్వండి. పెద్ద ప్రకటన కంటె దీనికి తక్కువే ఖర్చవుతుంది.

ప్రభుత్వానికి: కుష్ఠువ్యాధి నిర్మూలన కార్యక్రమంలో స్పర్శ కోల్పోయినవారికి మైక్రోసెల్యులర్ రబ్బరు చెప్పులు ఉచితంగా ఇస్తున్నాము. స్పర్శ పోయిన కాలికి తన రోగం పేరు తెలియదు. మధుమేహం వలన స్పర్శ పోయిన పేదవానికి కూడా అదే చెప్పు దక్కాలి. ముప్పై దాటినవారికి రక్తపోటు, చక్కెర పరీక్షలు చేసే ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ బూటు విప్పించి పాదం చూడాలి. పదిగ్రాముల నైలాన్ పోగుతో స్పర్శ పరీక్ష చేయడానికి రెండు నిమిషాలు చాలు. కాలు తీసివేయడానికి అయ్యే ఖర్చు ముందు చెప్పుల ఖర్చు ఎంత?

శివరాత్రి నాడు పట్టిసీమలో వేలమంది రేవు దాటి, ఇసుకలో నడిచి, మెట్లెక్కి వీరభద్రస్వామిని దర్శిస్తారు. మధ్యాహ్నపు ఇసుక, రాతిమెట్టు కాలుతున్నా స్పర్శ లేని పాదం వెనక్కు తీసుకోదు. సాయంత్రానికి అరికాలంతా బొబ్బలు. మధుమేహం ఉన్నవారు ఎండ ముదరకముందే దర్శనం ముగించుకోవాలి, మెట్ల మొదలు వరకు పాదరక్ష విడువరాదు. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. ఏర్పాట్లు చేసేవారు తడిపిన చాపలు పరచడం, చెప్పులు విడిచే చోటును మెట్లకు చేరువగా పెట్టడం ఇప్పటి నుంచే ఆలోచించాలి.

పాఠకులారా, తగ్గింపు కోసం మీరు మరో పండుగ వరకు ఆగగలరు. కాలు ఆగదు, రేపు కూడా మూడు వేల అడుగులు వేయవలసి ఉంది. ఈ రాత్రి పడుకునే ముందు ఒక కాగితం నేల మీద పరచి, ఇంట్లోవారి చేత మీ రెండు పాదాల గీత గీయించుకోండి. ఇప్పుడు మీరు వాడుతున్న బూటు అట్టను దాని పక్కన పెట్టి చూడండి. మీ ఇంట్లో మధుమేహం ఉన్న పెద్దలకు కూడా అదే చేయండి. అట్ట చిన్నదని తేలితే ఆ జత ఎంత చవకగా వచ్చినదైనా రేపటి నడకకు దానిని తొడగవద్దు.